ఈ ఏడాది నా దాకా వచ్చినవి

అందరికీ నమస్కారం.

ఈ సంవత్సరం బాగా నచ్చిన సంగీతం, పుస్తకాలు, సినిమాల గురించి మాట్లాడమని నన్ను పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. విన్నవీ చదివినవీ చూసినవీ నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. పేరు, తేదీ, ఒక వాక్యం, అంతే. 2025 మొదలైనప్పుడు ఆ పేజీల్లో ఇంకో గడి గీశాను. ఇది నా దాకా ఎవరు తెచ్చారు అన్నది అందులో రాయాలని. ఏ స్నేహితుడు చెప్పాడు, ఏ పేపర్లో చూశాను అనే సంగతి నాకక్కర్లేదు. ఈ పాట కట్టినవాళ్లకీ నాకూ మధ్య, ఈ కథ రాసినవాళ్లకీ నాకూ మధ్య ఎవరున్నారు? వాళ్లు లేకపోతే ఇది నాకు అసలు తెలిసేదా?

మొన్న ఆ గడి ఒక్కటే పైనుంచి కిందికి చదివాను. నాకు ప్రాణమైనవన్నీ ఎవరో ఒకరు మోసుకొస్తే వచ్చినవే. అనువాదకులు, పాత రికార్డులు వెతికి పట్టుకున్నవాళ్లు, పాడైపోతున్న రీళ్లను బతికించినవాళ్లు, రాగిరేకుల మీద అక్షరాలు కూడబలుక్కుని చదివినవాళ్లు. అందుకని ఇవాళ నా ఇష్టాల గురించి చెబుతూనే, వాళ్ల గురించి ఎక్కువ చెబుతాను. వాళ్లను తలుచుకునే సభలు మనకు తక్కువ.

సంగీతంతో మొదలుపెడతాను. ఈ మార్చి 9న, అన్నమయ్య కీర్తనలు పాడి బాణీలు కట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు తిరుపతిలో కన్నుమూశారు. ఆ వార్త విన్న దగ్గర్నుంచి చాలా వారాలు నేను అన్నమయ్య తప్ప వేరే ఏదీ వినలేదు. చిన్నప్పటి నుంచి వింటున్న పాటలే. కానీ ఈసారి వింటుంటే ఒక ప్రశ్న వదల్లేదు. ఈ పాటలో అన్నమయ్య ఎంత, మిగతావాళ్లు ఎంత?

మీకు తెలిసిందే, అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా జీవించినట్టు చెబుతారు. ఆయన కీర్తనలను కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రేకులు తిరుమల గుడిలో ఒక చిన్న అరలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో పండితులు వాటిని పైకి తీసి, చదివి, అచ్చు వేయించారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఆ పనిలో పెద్ద చేయి వేసినవాళ్లు. ఒక్కసారి ఊహించండి. రేకు మీద వరసగా అక్షరాలు. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. ఎక్కడ విడగొట్టాలో, ఏ మాట వాడుకలోంచి పోయిందో, ఏది చెక్కినవాడి పొరపాటో, అన్నీ వాళ్లే తేల్చుకోవాలి.

అంత చేసినా దొరికింది సాహిత్యం మాత్రమే. ప్రతి కీర్తనకూ రాగం పేరు ఉంది. స్వరం లేదు. అన్నమయ్య ఏ వరసలో పాడుకున్నాడో ఎవరికీ తెలిసే వీలు లేదు. మనం వింటున్న వరసలన్నీ, కొద్దిగా అటూ ఇటూగా, మన తాతల కాలం నుంచి మన కాలం లోపు పుట్టినవే. రాళ్లపల్లి వారు కొన్ని కట్టారు. నేదునూరి కృష్ణమూర్తి గారు కొన్ని కట్టారు. "నానాటి బదుకు నాటకము" అనగానే మన చెవుల్లో మోగే రేవతి రాగం నేదునూరి వారిది. బాలకృష్ణప్రసాద్ గారు ఒక్కరే ఆరు వందలకు పైగా కీర్తనలకు బాణీలు కట్టారు. "వినరో భాగ్యము విష్ణుకథ" ఆయన బాణీయే.

ఈ సంగతి నాకు ముందు తెలియదని కాదు. కానీ ఈ ఏడాది అది చెవిలోకి దిగింది. ఆ పాట పల్లవి ఎంత మామూలుగా ఉంటుందో గమనించండి. సంగీతం రానివాళ్లు కూడా రెండోసారికి గొంతు కలపగలరు. కచేరీలో మెప్పు కోసం కట్టిన బాణీ అయితే అలా ఉండదు. పది మంది కలిసి పాడుకోవాలి, మాట స్పష్టంగా వినపడాలి, అన్నమయ్యే ఇలా పాడి ఉంటాడు అనిపించాలి. తన పేరు ఎవరికీ గుర్తు రాకపోయినా ఫర్వాలేదు అనుకున్న మనిషి మాత్రమే అలాంటి వరస కట్టగలడు. నిజంగానే చాలామందికి ఆ వరస ఎవరిదో తెలియదు. "అన్నమయ్య పాట" అంటారు. అంతకన్నా పెద్ద విజయం ఒక స్వరకర్తకు ఉండదని నేను నమ్ముతున్నాను. కానీ వినేవాళ్లుగా మనం మాత్రం ఆ పేరు పలకాలి. యూట్యూబ్‌లో ఆయన పాటలు కొన్ని వందలున్నాయి. వాటిని పెట్టినవాళ్లు చాలా చోట్ల స్వరకర్త పేరే రాయలేదు. ఇది నాకు బాధగా ఉంటుంది. ఒక్క లైను రాస్తే సరిపోయే పని.

ఇక్కడి నుంచి చాలా దూరం వెళ్తాను.

ఏడాది మొదట్లో ఓటీటీలో పాయల్ కపాడియా తీసిన "ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్" చూశాను. 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి బహుమతి గెలిచిన సినిమా. కాన్ ప్రధాన పోటీలోకి మన దేశపు సినిమా వెళ్లడమే ముప్పై ఏళ్ల తర్వాత. దేశంలో దాన్ని విడుదల చేసింది మన రానా దగ్గుబాటి సంస్థ. ఇది ఆ గడిలో రాసుకున్నాను. ఇలాంటి సినిమాను థియేటర్ల దాకా తేవడం లాభసాటి పని కాదు.

కథ ముంబయిలో పనిచేసే ఇద్దరు మలయాళీ నర్సులది, వాళ్ల ఆసుపత్రిలోనే వంట చేసే ఇంకో ఆవిడది. ఆ నర్సుల్లో ఒకరైన ప్రభ భర్త పెళ్లయిన కొద్ది రోజులకే జర్మనీ వెళ్లిపోయాడు. ఫోన్లు కూడా ఆగిపోయాయి. ఒక రోజు పార్సిల్లో రైస్ కుక్కర్ వస్తుంది. ఎవరు పంపారో రాసి ఉండదు. దాని మీద జర్మనీలో తయారైనట్టు ఉంటుంది, అంతే. రాత్రి ప్రభ నేల మీద కూర్చుని ఆ ఎర్ర కుక్కర్‌ను రెండు చేతులతో దగ్గరకు తీసుకుంటుంది. మాట ఉండదు, ఏడుపు ఉండదు. ప్రభగా వేసిన కని కుస్రుతి నటన గురించి పేజీలు రాయొచ్చు గానీ, ఆ ఒక్క చోట ఆవిడ వీపు వంగిన తీరు చూస్తే చాలు.

ఆ సినిమాలో ఒక పియానో వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు అది ఏ దేశపు సంగీతమో అంతుపట్టలేదు. పడమటి వాద్యమే, కానీ నడక వేరు. స్వరాలు జారుతూ, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ పోతాయి. ఎవరో తమలో తాము పాడుకుంటున్నట్టు ఉంటుంది. సినిమా అయ్యాక టైటిల్స్‌లో వెతికితే పేరు దొరికింది: ఎమహోయ్ త్సెగె మరియం గెబ్రు.

ఈవిడ ఇథియోపియా దేశపు క్రైస్తవ సన్యాసిని. 1923లో అడిస్ అబాబాలో పెద్ద కుటుంబంలో పుట్టింది. చిన్నతనంలో స్విట్జర్లాండ్‌లో చదువుకుంటూ వయొలిన్ నేర్చుకుంది. ఇటలీ వాళ్లు ఇథియోపియాను ఆక్రమించినప్పుడు కుటుంబంతో పాటు బందీగా ఇటలీలో ఒక దీవికి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత కైరోలో సంగీతం చదువుకుంది. పైచదువుకు విదేశానికి వెళ్లే అవకాశం వచ్చినా అనుమతి దొరకలేదు. ఆ దెబ్బ నుంచి ఆవిడ సంగీతం వైపు కాక మఠం వైపు నడిచింది. కొండ మీది మఠంలో పదేళ్లు చెప్పులు లేకుండా బతికింది. తర్వాత మళ్లీ పియానో ముందు కూర్చుంది. 1960లలో ఆవిడ రికార్డులు జర్మనీలో అచ్చయ్యాయి. వచ్చిన డబ్బు అనాథ పిల్లలకు వెళ్లేది. ఆ రికార్డులు ఎక్కువమందికి చేరలేదు.

ఫ్రాన్సిస్ ఫాల్సెటో అనే ఫ్రెంచి ఆయన ఇథియోపియా పాత సంగీతాన్ని వెతికి, "ఇథియోపిక్స్" అనే వరుసలో సీడీలుగా తెచ్చారు. 2006లో వచ్చిన 21వ సంపుటం పూర్తిగా ఈవిడ పియానోనే. అప్పటికి ఆవిడ వయసు ఎనభై దాటింది. జెరూసలేంలో ఒక మఠంలో చిన్న గదిలో ఉంటోంది. ప్రపంచం ఆవిడను వినడం అప్పుడు మొదలుపెట్టింది. 2023 మార్చిలో, 99 ఏళ్ల వయసులో వెళ్లిపోయింది.

చూడండి ఎన్ని చేతులు మారిందో. అడిస్ అబాబా, జర్మనీ, పారిస్, జెరూసలేం, అక్కడి నుంచి ముంబయి మీద తీసిన ఒక మలయాళ సినిమా, అక్కడి నుంచి నా గది. ఒక్క చెయ్యి తప్పినా నేను వినేవాణ్ణి కాదు. ఆవిడ పాటల్లో నాకు బాగా ఇష్టమైనది ఆ సినిమాలో వినిపించేదే, "ది హోమ్‌లెస్ వాండరర్". ఇల్లు లేని బాటసారి. రాత్రి ఇయర్‌ఫోన్స్‌లో కాకుండా, పగలు ఏదో పనిచేసుకుంటూ గదిలో వదిలేసి వినండి. ఆ సంగీతం మన శ్రద్ధను బలవంతంగా లాక్కోదు. అది మన పక్కన ఉంటుంది.

ఇప్పుడు పుస్తకం. ఈ ఏడాది నా పుస్తకం ఒక్కటే చెప్పమంటే బాను ముష్తాక్ కథల సంపుటం "హార్ట్ లాంప్". కన్నడ నుంచి ఇంగ్లీషులోకి దీపా భస్తి అనువదించారు. మే నెలలో దానికి ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది, ఇంగ్లీషులోకి అనువాదమైన పుస్తకాలకు ఇచ్చే బహుమతి. కన్నడ పుస్తకానికి ఆ బహుమతి ఇదే మొదలు. కథల సంపుటానికి కూడా ఇదే మొదలు. ఆ బహుమతిలో నాకు గౌరవం కలిగించే నియమం ఒకటుంది. యాభై వేల పౌండ్లను రచయితకూ అనువాదకులకూ సరిసమానంగా పంచుతారు. తెచ్చినవాళ్లకు ఇంత న్యాయం జరిగే చోటు సాహిత్యంలో అరుదు.

బాను ముష్తాక్ హాసన్‌లో న్యాయవాది, బండాయ అనే కన్నడ తిరుగుబాటు సాహిత్య ఉద్యమంలోంచి వచ్చిన రచయిత్రి. ఈ పుస్తకంలోని పన్నెండు కథలు 1990కీ 2023కీ మధ్య రాసినవి. ఆవిడ రాసిన వాటిలోంచి వీటిని ఎంచుకున్నది అనువాదకురాలే. ముస్లిం కుటుంబాల్లో ఆడవాళ్లు, పిల్లలు, మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లులు, పెద్దకొడుకులు. ఇందులో ఎవరూ బొమ్మలు కారు. క్రూరంగా ప్రవర్తించేవాడికి కూడా ఇంట్లో ఒక ముద్దుపేరు ఉంటుంది. కొన్ని కథలు కోపం ఎక్కువై కాస్త గట్టిగా మాట్లాడతాయి, ఆఖరి కథ దేవుణ్ణే నిలదీస్తుంది. నాకు ఆ గట్టితనం కూడా నచ్చింది. ఎన్నో ఏళ్లు కోర్టులో ఆడవాళ్ల కేసులు విన్న మనిషికి ఆ గొంతు పెంచే హక్కు ఉంది.

నన్ను వదలని కథ కఫన్ గురించినది, అంటే శవం మీద కప్పే బట్ట. షాజియా డబ్బున్న ఇంటి ఆవిడ, హజ్‌కు బయల్దేరుతోంది. యాసీన్ బువా అనే పేదావిడ కూడబెట్టుకున్న డబ్బు తెచ్చి షాజియా చేతిలో పెడుతుంది. తన కోసం మక్కాలోని పవిత్రమైన జమ్‌జమ్ నీళ్లలో తడిపిన కఫన్ బట్ట తెమ్మని అడుగుతుంది. అంతే ఆవిడ కోరిక. షాజియా వెళ్తుంది. అక్కడ బజార్లు, తివాచీలు, బంధువులకు కానుకలు. కఫన్ రాదు. తిరిగొచ్చాక బువా అడిగితే ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేస్తుంది. కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున బువా కొడుకు ఆ ఇంటికి వస్తాడు. అమ్మ పోయింది, ఆ కఫన్ ఇవ్వండి అని.

ఇంతకన్నా చెప్పను, చదవండి. షాజియా దుర్మార్గురాలు కాదు. ఆవిడకు గుర్తు లేదు, ఆ బట్ట బరువనిపించింది, తర్వాత చూద్దాం అనుకుంది. మోసుకురమ్మని ఇచ్చినదాన్ని మోయకపోవడం గురించి ఇంత నిలువునా కోసే కథ నేను చదవలేదు. ఆ గడి గీసుకున్న ఏడాదిలోనే ఈ కథ నా చేతికి రావడంతో, ఆ గడి నాకు కేవలం పేర్ల జాబితాగా మిగల్లేదు. ఎన్ని పాటలు, ఎన్ని కథలు ఎవరో ఒక షాజియా చేతిలో ఆగిపోయి ఉంటాయి?

సినిమాల సంగతిలో ఇది ఊహ కూడా కాదు. మన దేశపు తొలి టాకీ "ఆలం ఆరా" 1931లో వచ్చింది. దాని ప్రింటు ఇవాళ ఎక్కడా లేదు. పోస్టర్లు, ఫొటోలు మిగిలాయి. మూకీల్లో చాలా భాగం పోయాయి. పాత ఫిల్మ్‌కు వాడిన నైట్రేట్ ఇట్టే అంటుకుంటుంది. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్మ్ వేడికీ తేమకూ కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది. అందులోని వెండి కోసం రీళ్లను కరిగించి అమ్మేసిన కాలం కూడా ఉంది. పుణె ఫిల్మ్ ఆర్కైవ్ కోసం పి.కె. నాయర్ గారు దేశమంతా తిరిగి డబ్బాలు పోగు చేయకపోతే ఫాల్కే సినిమాల్లో ఆ కాసినీ కూడా మనకు మిగిలేవి కావు.

అందుకే సత్యజిత్ రాయ్ "అరణ్యేర్ దిన్ రాత్రి" కొత్త ప్రింటును పెద్ద తెర మీద చూసినప్పుడు నాకు కలిగింది మామూలు సంతోషం కాదు. 1970 సినిమా. ముంబయిలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ పెట్టిన ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి ఇతర సంస్థల సాయంతో దాన్ని బాగుచేయించాయి. అసలు కెమెరా నెగటివ్‌ను ఒక్కో ఫ్రేమూ స్కాన్ చేసి, గీతలు, మరకలు తుడిచి, శబ్దం సరిచేశారు. ఈ మే నెలలో కాన్‌లో మొదటి ప్రదర్శన జరిగింది. షర్మిలా టాగోర్, సిమీ గరేవాల్ వెళ్లారు.

కలకత్తా నుంచి నలుగురు స్నేహితులు పలమావు అడవికి సెలవులకు వస్తారు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లతో పరిచయం. చెట్ల కింద దుప్పటి పరిచి అందరూ ఒక ఆట ఆడతారు. ఒకరు ఒక ప్రసిద్ధ వ్యక్తి పేరు చెప్పాలి, తర్వాతివాళ్లు అది చెప్పి ఇంకొకటి కలపాలి. రవీంద్రనాథ్, కార్ల్ మార్క్స్, క్లియోపాత్రా, షేక్స్‌పియర్, మావో, డాన్ బ్రాడ్‌మన్... ఎవరు ఏ పేరు ఎంచుకున్నారో దాన్నిబట్టే వాళ్ల లోపల ఏముందో తెలిసిపోతుంది. చివరికి అషీం, అపర్ణ మిగులుతారు. అపర్ణకు అన్నీ గుర్తున్నాయి. కానీ కావాలనే ఓడిపోతుంది. గెలవడం అతనికి ఎంత అవసరమో ఆమెకు కనిపించింది. పాత ప్రింటులో కంప్యూటర్ మీద చూసినప్పుడు ఈ సన్నివేశం నాకు సంభాషణగా మాత్రమే అందింది. ఇప్పుడు అపర్ణగా వేసిన షర్మిల కళ్లు కనిపించాయి. నల్లకళ్లద్దాలు తీశాక ఆ ముఖం మీద ఆకుల నీడ కదలడం కనిపించింది. ఆమె ఏ క్షణంలో ఓడిపోవాలని నిర్ణయించుకుందో ఆ చూపులో ఉంది. ఇన్నేళ్లూ ఆ చూపు మరకల కింద ఉండిపోయింది.

"షోలే" కూడా యాభై ఏళ్లకు బాగుపడి, సెన్సార్ అప్పట్లో మార్పించిన ముగింపు కాకుండా అసలు ముగింపుతో ఈ డిసెంబర్‌లో థియేటర్లలోకి వచ్చింది. దాని గురించి అందరూ మాట్లాడుతున్నారు కాబట్టి నేను అక్కడ ఎక్కువసేపు ఆగను.

ఇంకో పుస్తకం, ఇది కొత్తది కాదు. చింగీజ్ ఐత్‌మాతొవ్ "జమీల్యా". 1958 నాటి చిన్న నవల, కిర్గిజ్ దేశంలో యుద్ధ కాలపు కథ. మాస్కోలో తెలుగులో అచ్చయిన పుస్తకాల తరం మీలో చాలామందికి తెలుసు. తక్కువ ధర, గట్టి బైండింగు, మంచి కాగితం. ఉప్పల లక్ష్మణరావు గారిలాంటివాళ్లు ఏళ్ల తరబడి మాస్కోలో కూర్చుని ఆ పని చేశారు. వృక్షశాస్త్రం చదివిన మనిషి, "అతడు–ఆమె" లాంటి నవల రాసిన మనిషి, జీవితంలో అన్నేళ్లు ఇతరుల రచనలకు ఇచ్చేశారు.

జమీల్యా మొగుడు యుద్ధానికి వెళ్లాడు. ఆమె, మరిది కుర్రాడు, గాయపడి తిరిగొచ్చిన దానియార్ కలిసి ధాన్యం బస్తాలు బండ్ల మీద రైల్వే స్టేషన్‌కు చేరేస్తుంటారు. దానియార్ ఎవరితోనూ మాట్లాడడు. ఒక రాత్రి తిరుగుదారిలో జమీల్యా అడిగితే పాట ఎత్తుకుంటాడు. ఆ పేజీలు చదవండి. పాట మాటలు రచయిత ఇచ్చేది కొద్దిగానే. వినేవాళ్లు ఏమయ్యారో మాత్రం చెబుతాడు. బండ్లు నడుస్తూనే ఉంటాయి, గుర్రాల చప్పుడు, స్టెపీ గడ్డి మైదానాల గాలి, వాళ్లిద్దరి మధ్య ఏదో మారిపోవడం. ఆ కుర్రాడు తర్వాత చిత్రకారుడవుతాడు. కథ చెబుతున్నది అతనే. తన వదినకూ దానియార్‌కూ జరిగినదాన్ని ఊరంతా తప్పుపట్టినా, అతను దాన్ని బొమ్మ గీసి దాచుకున్నాడు. ప్రేమకథల్లో నాకు ఇంతకన్నా దగ్గరైనది లేదు.

ఈ ఏడాది నోబెల్ వచ్చిన హంగేరీ రచయిత లాస్లో క్రాస్నహోర్కాయ్ నవల ఒకటి సగంలో ఉంది. ఆయన వాక్యాలు పేజీలకు పేజీలు సాగుతాయి, ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ల ఓపికకు చేతులెత్తి దండం పెడుతున్నాను. పూర్తయ్యాక మాట్లాడతాను.

చివరగా ఒక విషయం, ఇది అభ్యర్థన అనుకోండి. కన్నడం మనకు పక్కింటి భాష. లిపి కూడా దాదాపు ఒకటే. అయినా బాను ముష్తాక్‌ను నేను ఇంగ్లీషులో చదివాను, అదీ లండన్‌లో బహుమతి వచ్చాక. దశాబ్దాలుగా ఆవిడ రాస్తూనే ఉన్నారు. ఆ ఇంగ్లీషు సంపుటంలోకి వచ్చినవి పన్నెండు కథలే, రానివి ఇంకా చాలా ఉన్నాయి. ఈ హాల్లో కన్నడం, తెలుగు రెండూ చదవడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, సభ అయ్యాక దయచేసి నన్ను కలవండి. ఒక్క కథతో మొదలుపెడదాం. రచయిత్రి అనుమతి కోసం ఉత్తరం రాసే పని, వెనకాల కూర్చుని ప్రూఫులు చూసే పని నేను చేస్తాను.

ఇక మీ వంతు. ఈ ఏడాది మీరు విన్నవి, చదివినవి, చూసినవి చెప్పండి, వింటాను. నమస్కారం.